ఒక్క కాలికి బొండ

సంస్థానం రోజుల్లో మా ఊరి అడవి చౌకీ చూసే నాకాదారు, వడ్రంగినైన నాతో మంచం చేయించుకోలేదు, కుర్చీ చేయించుకోలేదు. బొండ చేయమన్నాడు. మద్ది దుంగను నిలువునా రెండు చెక్కలుగా చీల్చి, రెండింటి నడుమ కాలు పట్టేంత రంధ్రం చేసి, పైచెక్క మూసి తాళం వేస్తే మనిషి కదలలేడు. అందులో పడబోయేది నా బామ్మర్దే. ఊళ్ళు చూడడానికి దౌరాకు వచ్చిన దొర సామాను బాసగూడ దాకా మోయమంటే, తొలకరి పడింది, విత్తనాలు చల్లుకోవాలి, మోయనన్నాడు. అదే వాడి నేరం.

"ముందు ఒక్క రంధ్రం చాలు. పొద్దుగూకేలోపు కావాలె, జల్దీ," అని నాకాదారు అరుగు మీద కుర్చీ వేసుకున్నాడు. బామ్మర్దిని నా ఎదురుగానే గుంజకు కట్టేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా చెక్కకు బెజ్జాలు వేసే గిరిమిట్టు అందుకున్నాను.

అంత పెద్ద రంధ్రం గిరిమిట్టుతో ఒక్కసారిగా పడదు. రెండు చెక్కలూ కలిపి తాడుతో బిగించి, గీసిన గుండ్రం వెంట చిన్న చిన్న బెజ్జాలు వేసి, నడిమి ముద్దను ఉలితో కొట్టి తీయాలి. కిందిచెక్క చేవదేరిన గట్టి చెక్క. పైది తెల్లగా, మెత్తగా ఉంది. అతుకు మీద ఆనించిన ప్రతిసారీ గిరిమిట్టు మెత్తని వైపుకే జారింది. తాడు తడిపి ఇంకా బిగించాను. పొట్టు ఇరుక్కుని ఇనుము కదలకపోతే వెనక్కి తిప్పి, దులిపి, మళ్ళీ దించాను. చెక్క మాడిన వాసన వచ్చింది.

"కావాలని నాన్చుతున్నవా ఏంది?" అని అరుగు మీంచి గద్దించాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

ముద్దను కొట్టి తీస్తుంటే మెత్తని వైపు చెక్క పెళ్ళగా లేచిపోయింది. రంధ్రం గీత దాటింది. మామూలుగా అయితే ఆ లోటులో ఒక ముక్క అతికించి సరిచేస్తాను. ముక్క చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే బామ్మర్ది పాదాలు కంటబడ్డాయి. ఎండుపుల్లల్లాంటి కాళ్ళు, చిన్న మడమలు. ఈ సందులోంచి లాగితే వచ్చేస్తాయి. ముక్కను పొట్టు కిందికి తోసేశాను. చిరిగిన అంచును గరుకు బరింక ఆకుతో రుద్ది, గీసిందే అంత అన్నట్టు నున్నగా చేశాను.

నాకాదారు దిగివచ్చి వంగి చూశాడు. "నీ కాలు పెట్టు," అన్నాడు.

పెట్టాను. పైచెక్క మూశారు. లాగమన్నాడు. నా మడమ దున్నపోతు గిట్టంత వెడల్పు, అంచుకు తగిలి ఆగిపోయింది. "గట్టిగ లాగు!" అన్నాడు. చర్మం లేచేదాకా లాగినా రాలేదు. అంత సంతోషంగా నేను ఎన్నడూ ఇరుక్కోలేదు.

పొద్దు ఉండగానే బామ్మర్దిని అందులో వేశారు. కాపలా జవాను కూర్చున్న చోటే నిద్రపోయే రకం. నీళ్ళు తాగించే వంకతో దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. "మడమ పక్కకు తిప్పి లాగు, వస్తది. తెల్లారేసరికి వాగు దాటిపో." వాడు తల ఊపాడు. ఇంట్లో చెప్పగానే నా భార్య తమ్ముడి కోసం జొన్నరొట్టెలు మూటకట్టి, వాగు ఒడ్డు పొదలో పెట్టి వచ్చింది.

తెల్లారగానే నాకా చౌకీకి పరుగెత్తాను. జవాను గురక పెడుతున్నాడు. బామ్మర్ది బొండలోనే ఉన్నాడు. పట్టరాని కోపం వచ్చింది నాకు. "రాలేదారా కాలు?" అని పళ్ళు కొరికాను.

వాడు మడమ పక్కకు తిప్పి, కాలు బయటికి లాగి చూపించాడు. మళ్ళీ లోపలే పెట్టుకున్నాడు.

"నేను పోతే దీంట్ల నిన్నేస్తరు గద, బావా. నీ కాలైతే రాదు," అన్నాడు.