కాలేయం మీద చుక్క

ఆ టెక్నీషియన్‌కు స్కానింగ్ గదిలో పన్నెండేళ్ల అనుభవం. ఒంట్లోకి ఎక్కించిన మందు నుంచి వచ్చే కిరణాలను యంత్రం లెక్కపెడుతుంది. ఆ లెక్కలకు సరిపోయే బొమ్మను కంప్యూటర్ ఊహించి, విడతలవారీగా దిద్దుతుంది. ఎక్కువసార్లు దిద్దితే బొమ్మ తేటపడుతుంది గానీ, లేనిపోని మచ్చలూ పుట్టుకొస్తాయి.

ఆరోజు వచ్చిన రోగి ఆమె వదిన. నాలుగు విడతలకు కాలేయం శుభ్రంగా ఉంది. పదో విడతకు చిన్న చుక్క కనిపించింది. అది నిజమైన గడ్డో, ఎక్కువసార్లు దిద్దడం వల్ల పుట్టిన మచ్చో టెక్నీషియన్‌కు తెలియలేదు. నాలుగుకే ఆపి ఆ బొమ్మే పంపేద్దామా అనిపించింది. అలా అనిపించినందుకే కుర్చీలోంచి లేచి బయటికి వచ్చింది.

"ఏంటే, మొహం అలా పెట్టావు?" అంది బయట బెంచీ మీదున్న వదిన.

"ఇంకో ఇరవై నిమిషాలు పడుకోవాలి వదినా. లెక్క చాల్లేదు."

"మీ అన్నయ్య లేని చోట పడుకోమంటే హాయిగా పడుకుంటాను. ఆ గురక ఉండదుగా!"

ఆమెకు నవ్వు రాలేదు. రెండోసారి ఎక్కువసేపు తీయడంతో లెక్కలు రెట్టింపయ్యాయి. ఈసారి నాలుగో విడతకే చుక్క తేలింది, తర్వాత ఎన్నిసార్లు దిద్దినా చెదరలేదు. అది లేనిపోని మచ్చ కాదు. బొమ్మలన్నీ డాక్టరుకు పంపింది.

గడ్డ చిన్నగా ఉండగానే దొరికిందని ఆపరేషన్ చేసి తీసేశారు. వదిన కోలుకుంది. టెక్నీషియన్ మాత్రం ఇప్పటికీ ఏ బొమ్మనూ ఒక్కసారి చూసి వదలలేకపోతోంది.