ఘాట్‌లో దిగి నడిచిన నాయన

సెలవు దొరికితే గుడారం, వంటసామాను వేసుకుని కొండలకు పోవడం నాకు పిచ్చి. అందుకే ఎలక్ట్రిక్ కారు కొందామనుకున్నాను. బరువుతో ఘాట్ ఎక్కుతుందో లేదో చూడాలని, నంద్యాల షోరూంలో అడిగి ఒకరోజుకు తీసుకుని, సామానంతా నింపి నాయనతో గిద్దలూరు బయల్దేరాను. అంతకుముందు ఏసీ వేసుకుని నంద్యాలంతా తిప్పిన తప్పు నాదే.

ఘాట్ చివరి ఎత్తు దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ తొమ్మిది శాతం. ఏసీ ఆపాను. ఎనిమిది. ఏడు. చుట్టూ అడవి, ఫోన్‌కు సిగ్నల్ లేదు.

“ఆపు” అన్నాడు నాయన. ఆపగానే దిగి, గుడారం మూట భుజాన వేసుకున్నాడు.

“ఏంది నాయనా ఇది? ఎక్కు!”

“ఎద్దులు రొప్పుతాంటే బండి మీద కూచుంటామా? నువ్వు పోనీ, నేను నడుస్తా.”

పక్కనుంచి పోతున్న బస్సులో జనం మమ్మల్ని చూసి నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. ఆయన ముందు నడుస్తుంటే వెనక మెల్లగా నడిపాను. పైకి చేరేసరికి నాలుగు. ఆయన్ను ఎక్కించుకుని దిగడం మొదలుపెడితే అంకె పెరిగింది. ఐదు, ఆరు!

“చూసినావా, సేద తీరింది” అన్నాడు నాయన.

దిగుడులో కారు తనంతట తానే చార్జింగ్ చేసుకుంటుందని నాకు తెలుసు. అయినా చెప్పబుద్ధి కాలేదు.

ఆ కారే కొన్నాను. ఇప్పటికీ ఘాట్ మొదలవగానే నా చూపు అంకె మీదికి పోతుంది, నాయన చెయ్యి తలుపు మీదికి పోతుంది.