కంటితో చూశానని రాసిన సాక్ష్యం

సూర్యుడికి ఒక దారి, చంద్రుడికి ఒక దారి ఏర్పరచి, ఆ దారి తప్పకుండా నడిపిస్తున్న అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. వెలుగు ఆయనదే, చీకటీ ఆయన సృష్టే. ఈ రెండో సంగతి మా వాళ్లు మరిచిపోయారు.

మొన్న పొద్దుగూకాక, మగ్రిబ్ నమాజు ముగించి మసీదు మిద్దె ఎక్కాను. అరికాళ్ల కింద పురుగులు పటపట నలిగాయి. మసీదు వెనక రోడ్డు అంచున నిలబెట్టిన రెండు పొడుగాటి స్తంభాల దీపాలకు ముసిరి చచ్చిన పురుగులవి. ఆ తెల్లటి వెలుతురు కళ్లలో పొడవగానే మస్తాన్ చాచా గుర్తొచ్చాడు. ఆయనతో పాటే కోపమూ వచ్చింది. ఏళ్లు గడిచినా అది చల్లారలేదు.

చాచా కర్నూలు వన్ టౌన్‌లో కళ్లద్దాలు అరగదీసే పనివాడు. నేను అదే వీధి మసీదులో పిల్లలకు ఖురాను చెప్పేవాణ్ని. వరుసకు ఏమీ కాకపోయినా ఆయన నాకు చాచా. పగలంతా ఊరివాళ్ల కళ్లకు అద్దాలు చేసి, ఖాళీ దొరికితే తన దుర్భిణికి అద్దం చేసుకునేవాడు. రెండు గాజుబిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో గరుకుపొడి, నీళ్లు వేసి నెలల తరబడి రుద్దాడు. ఒకరోజు నేను ఆత్రంగా, "అయిపోయినట్టే గదా చాచా, పెట్టి చూద్దాం" అన్నాను. ఆయన గాజుబిళ్లను గుడ్డ మీద పెట్టి, "చెయ్యి తగిలి వేడెక్కి ఉండాదిరా రఫీ. ఈ వేడి పోయేదాకా అద్దం అబద్దం చెప్తాది. కూర్చో, టీ తాగు" అన్నాడు. ఆయన కొలిచేలోపు రెండుసార్లు టీ తాగాం.

ఆ అద్దాన్ని నీళ్ల పైపులో బిగించి, లోపలంతా నల్లరంగు పూశాడు. వీధి దీపాల వెలుగు పక్కనుంచి దూరకుండా నల్ల దుప్పటి ఒకటి తలమీద కప్పుకుని చూసేవాడు. ఎదురింటి ఆమె నవ్వేది. "ఏం భాయ్, బుర్ఖా ఏసుకున్న్యావే!" చాచా దుప్పటి లోంచే, "శని గ్రహానికి నన్ను చూస్తే సిగ్గంటమ్మా" అనేవాడు. ఆ దుప్పటి కిందే నేను మొదటిసారి శని ఉంగరాన్ని చూసి, సుబ్‌హానల్లాహ్ అని ఏడ్చాను. ఎన్నోసార్లు చదివి చెప్పిన సృష్టికర్త గొప్పతనం ఆ రోజు కంటికి తగిలింది.

నెలవంక విషయంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ముందు దుర్భిణితో చంద్రుడు ఎక్కడున్నాడో వెతికేవాడు. తర్వాత పక్కకు జరిగి, అదే చోట ఉత్త కంటితో చూసేవాడు. కంటికి కనబడితేనే, పండగ ఎప్పుడో తేల్చే మసీదు కమిటీ పుస్తకంలో సాక్షిగా సంతకం పెట్టేవాడు. ఆ పుస్తకంలో "నా కంటితో చూశాను" అనే ఉంటుంది మరి.

ఒక ఏడాది రంజాన్‌కు, హైవే మీద పోయేవాళ్లకు గుమ్మటం మెరిసిపోతూ కనిపించాలని కమిటీ ఆ స్తంభాలు వేయించింది. ఇరవై తొమ్మిదో ఉపవాసం సాయంత్రం, నెలవంక కనబడితే మర్నాడే పండగని, మిద్దె మీద జనం. పడమట దుమ్మంతా ఆ దీపాలకు పాలలా వెలుగుతోంది. చాచా దుర్భిణిలో వెతికి, "దా, చూడు" అన్నాడు. చూశాను. గోటి ముక్కంత నెలవంక, వణుకుతూ. తల బయటికి తీసి చూస్తే ఏమీ లేదు. చేయి అడ్డం పెట్టుకున్నా లేదు.

"రెండు నిమిషాలు దీపాలు ఆర్పండప్పా, ఉత్తకంటికి దొరుకుతాది" అని చాచా బతిమాలాడు.

కమిటీ అధ్యక్షుడు ఒప్పుకోలేదు. "కింద పెద్దోళ్లు ఇఫ్తార్‌కు వచ్చినారు, ఫోటోలు తీస్తాండారు. అల్లా ఇంటిని చీకటి చేయమంటావా? దుర్బీన్లో అగుపించె గదా, సంతకం పెట్టు."

"నా కంటితో చూడ్లేదప్పా."

"అద్దం నీదే, కన్నూ నీదే. ఇంకెవరి కంటితో చూస్తివి?"

అందరూ నవ్వారు. చాచా కలం ముట్టలేదు. నెలవంక దిగిపోతోంది. అధ్యక్షుడు పుస్తకం నా వైపు తిప్పాడు. "నువ్వు చదువుకున్నోనివి మౌల్వీ. ఊరంతా కాసుకోనుండాది." నేను సంతకం పెట్టాను. ఇంకొకడూ పెట్టాడు. మైకులో పండగ ప్రకటించారు.

మర్నాడు ఈద్గాలో చాచా నన్ను కౌగిలించుకున్నాడు. చెవి దగ్గర మెల్లగా, "చంద్రుడు నిజమే రఫీ. నువ్వు రాసిందే అబద్దం" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి ఏడాదినుంచి కమిటీ ఆయన్ను పిలవలేదు. "గుడ్డి దుర్బీన్ సాయిబు" అని పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అయినా నోరు విప్పలేదు. చాచా చీకటి వెతుక్కుంటూ, దుర్భిణిని బండికి కట్టుకుని ఊరి బయట ఓర్వకల్లు రాళ్లగుట్టలకు పోయేవాడు. అక్కడా దీపాలు వచ్చేశాయి. చివరి జబ్బులో మంచం పక్కన కూర్చుని క్షమించమన్నాను. "నాకేం చేసినావురా? సాక్ష్యం చెప్పింది జమాత్‌కు, మసీదు జనానికి. పోయి ఆళ్లకు చెప్పు" అన్నాడు. ఆయన పోయాక కూడా నేను చాలాకాలం చెప్పలేదు. నా కోపంలో పెద్ద వాటా నామీదే.

పోయిన శుక్రవారం జుమా నమాజు తర్వాత లేచి నిలబడి చెప్పాను. నేను కంటితో చూడకుండానే చూశానని రాశాను, చూడలేదన్న మనిషిని మీరంతా గుడ్డివాడన్నారు, అని. అధ్యక్షుడు ఇప్పటికీ ఆయనే. "చంద్రుడైతే ఉన్నె గదా మౌల్వీ, పాత పురాణమెందుకు?" అన్నాడు. కొందరు నవ్వారు. అబద్ధం రాసినవాడి దగ్గర చదువెందుకని ఒక తండ్రి తన ఇద్దరు బిడ్డలను నా దగ్గర మాన్పించాడు. అతణ్ని నేను తప్పుపట్టను. జమాత్‌లో అతనొక్కడే సాక్ష్యానికి విలువ ఇచ్చాడు. ఆ సాయంత్రమూ దీపాలు వెలిగాయి.

ఇప్పుడు పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా, ఇది నాకు నిజంగా తెలుసా అని ఒకసారి ఆగుతాను. చాచా నాలో మిగిల్చిన అలవాటు ఇది.

చదువుతున్న సోదరులారా, అక్కచెల్లెళ్లారా, నాతో చేతులెత్తండి. యా అల్లాహ్, మస్తాన్ చాచా సమాధిని నీ వెలుగుతో నింపు. నా అబద్ధాన్ని మన్నించు. నా కోపాన్ని మాత్రం ఇప్పుడే తీసెయ్యకు, ఆ దీపాలు ఆరేదాకా ఉండనీ. ఆమీన్ అనండి.