సగం కట్టిన గిజిగాడి గూడు

మా చిన్నప్పుడు... వానలు బాగా పట్టాయంటే మా బావి మీద గిజిగాళ్ల సందడి మొదలయ్యేది. బావి మీదికి వంగిన తుమ్మచెట్టు కొమ్మలకు ఆ పసుపు తలల పిట్టలు గడ్డిపోచలు చీల్చి తెచ్చి గూళ్లు అల్లుతుంటే, నేనూ మా అక్కా గట్టు మీద కూర్చుని పచ్చి పెసరకాయలు వలుచుకు తింటూ చూసేవాళ్లం...

మాది బషీరాబాద్ దగ్గర ఊరు. మా నాయనమ్మకు చేతిపని బాగా వచ్చు. గిజిగాడి గూడు దొరికిందంటే దానికి తాండూరు అంగట్లో కొన్న ఎర్రపూసలు, నీలంపూసలు కుట్టి, కింద గుడ్డపీలికల కుచ్చులు కట్టి దర్వాజకు వేలాడదీసేది. ఇంటికి వచ్చిన వాళ్లు తల పైకెత్తి చూసిగానీ లోపలికి అడుగు పెట్టేవాళ్లు కాదు.

గూడు కోయడానికి మాత్రం ఆమె ఒక పద్ధతి చెప్పేది.

"నిండు గూడు ముట్టకుర్రి, లోపట పిల్లలుంటయ్. బుట్ట బోర్లించినట్టు సగమే ఉన్నదంటే పిట్ట ఇడిసిపెట్టి పోయిందన్నట్టు. గది తెచ్చుకోర్రి."

సగం గూడంటే వదిలేసిన గూడు... నలభై ఏళ్లు అదే నమ్మాను.

పెళ్లయి పూడూరు దిక్కు వచ్చాను. ఇక్కడి బావి మీద కూడా గిజిగాళ్లు ఉండేవి. నా బిడ్డ మౌనిక వికారాబాద్‌లో డిగ్రీ చదివేది. దానికి ఫోటోల పిచ్చి. మామూలు ఫోన్‌తోనే... మొదటి వానకు వచ్చే ఆరుద్ర పురుగు, తంగేడు పువ్వు, కందిచేను మీద మంచు, ఏదీ వదిలేది కాదు. కలుపుకు రమ్మంటే బురదలో బోర్లా పడుకుని పురుగుకు ఫోటో తీస్తుండేది.

"గా పురుగుకేమన్న పెండ్లి సంబంధం సూస్తున్నవా బిడ్డా, గన్ని ఫోటోలు దేనికి?" అనేదాన్ని.

"పురుగే నయం అమ్మా, కదలకుండ ఉంటది. నువ్వైతే చీర సర్దుకునేలోపు పొద్దు గూకుతది" అనేది.

రెండేళ్ల కింద వానాకాలం. బావి మీద ఒక గూడును మొదటి పోచ నుంచి ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. రోజూ కాలేజీ బస్సుకు ముందు ఒకటి. గూడు సగం అయింది. అంతలో దానికి పరీక్షలు తాండూరులో పడ్డాయి. నాలుగు రోజులు మా అక్క ఇంట్లో ఉంటానని పోతూ పోతూ, "అమ్మా, జర గూడు సూస్తుండు" అంది.

చూశాను. రెండు రోజులు చూసినా గూడు పెరగలేదు. పిట్ట విడిచిపెట్టిందనుకున్నాను.

అది వచ్చేనాడే దాని పుట్టినరోజు. మా నాయనమ్మ లాగా తయారు చేసి ఇద్దామని ఆశపడ్డాను... కట్టెకు కొడవలి కట్టి గూడు కోసుకొచ్చాను. నా పాత పూసలదండ తెంపి, రెండు రోజులు కూర్చుని కుట్టాను. దర్వాజకు కట్టి, అది ఎప్పుడొస్తుందా అని చూశాను.

వచ్చింది. గూడు చూసి చెప్పులు కూడా విడవలేదు.

"ఇదేడిది అమ్మా?"

"మన బావి మీదిదే. పిట్ట ఇడిసిపెట్టిందిలే. నీకోసమే కుట్టిన."

"ఇడిసిపెట్టలేదమ్మా. మగపిట్ట సగం అల్లి ఆగుతది. ఆడపిట్ట అచ్చి సూస్తది, దానికి నచ్చితేనే మగపిట్ట తక్కింది అల్లుతది. గా దినం ఫోటో కోసమే నేను సూస్తున్న."

తప్పు చేశానని నాకు అప్పుడే తెలిసిపోయింది. కానీ నా నోరు వేరే మాట అంది.

"పిట్ట గూడుకు తల్లిని నిలదీస్తవా? కండ్లు గుంజంగ కుట్టిన, గది కనవడదా నీకు? గిదేనా నీ సదువు?"

అది వచ్చిన కాళ్లతోనే వెనక్కి తిరిగింది. బావి దగ్గరికి పోయి ఉత్త కొమ్మను ఒక ఫోటో తీసుకుని వచ్చింది. నేను చేసిన పాయసం తిన్నది. బాగుందని కూడా అంది...

తర్వాత రెండు మూడుసార్లు నవ్వుతూనే అడిగింది. "తెల్వక చేసిన బిడ్డా అని ఒక్కసారి అనరాదే అమ్మా. నాకు గంతే చాలు."

"పోవే" అని గిన్నెలు తోముకునేదాన్ని. తల్లిని... బిడ్డ ముందర తగ్గడమేంది అనుకున్నాను.

"పోనీలే. వచ్చే వానకాలం మొదటి దినం నుంచి ఇద్దరం కలిసి సూద్దాం" అంది.

దసరా దాటాక దానికి డెంగీ వచ్చింది. ఐదు రోజులే ఉంది. ఆస్పత్రిలో మూడో రోజు దాకా మాట్లాడింది. కొబ్బరినీళ్లు తాగించాను, తల దువ్వాను, కాళ్లు ఒత్తాను. ఆ మాట మాత్రం చెప్పలేదు. గుర్తుకు రాక కాదు... ఇప్పుడు చెబితే, అమ్మ ఎందుకిలా మాట్లాడుతోందని భయపడుతుందేమో అనుకున్నాను. ఇంటికి పోయాక చెబుదామనుకున్నాను.

పోయిన వానాకాలం బావి దిక్కు పోలేకపోయాను. ఈసారి దాని ఫోన్ పట్టుకుని పోతున్నాను. బోర్లు వచ్చాక చుట్టుపక్కల బావులన్నీ పూడ్చేశారు, తుమ్మలు కొట్టేశారు. కొమ్మకొమ్మకూ గూళ్లు వేలాడే చోట ఈ ఏడు మూడే ఉన్నాయి.

మొన్న పొద్దున ఒక సగం గూటికి ఆడపిట్ట వచ్చింది. లోపలికి పోయింది, బయటికి వచ్చింది, మళ్లీ పోయింది. నేను తీసిన ఫోటో సరిగా రాలేదు. మరునాడు పోయి చూస్తే మగపిట్ట మిగతాది అల్లుతోంది... నా బిడ్డ చెప్పిందే నిజం.

గట్టు మీద నిలబడి, ఎవరూ లేరని చూసుకుని, "తెల్వక చేసిన బిడ్డా" అన్నాను. అన్నాక తెలిసింది, అది కూడా సగమే నిజమని. గూడు కోసింది తెలియక. ఆ మాట చెప్పకపోయింది మాత్రం తెలిసే.

నేను ఏడో తరగతి దాకే చదివాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. మీ ఊళ్లో గిజిగాళ్లు ఇంకా గూళ్లు కడుతుంటే కింద రాయండి, చదివి సంతోషపడతాను. కానీ మీ పిల్లలకు చెప్పకుండా ఆపుకున్న మాట ఏదైనా ఉంటే మాత్రం... ముందు ఫోన్ పక్కన పెట్టి వాళ్ల దగ్గరికి పోండి. నాకు తర్వాత రాయొచ్చు.