నాన్న మధ్యలో ఆపేసిన పాఠం

మా ఊరు కొవ్వూరుకి దగ్గర్లో, కాలవ గట్టున. నాన్న బడిలో పంతులుగా రిటైరై, మా చర్చిలో సంఘపెద్దగా ఉండేవారు. ఆయన గొంతు ఖంగుమనేది. అందుకే ఆదివారం సువార్త పాఠం చదివే పని ఆయనదే. నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతూ శనివారాలు ఇంటికొచ్చేదాన్ని.

కొత్తగా వచ్చిన పాస్టరుగారంటే నాన్నకి పడేది కాదు. కారణం ఒక ఆటో డ్రైవరు. అతను ఒకసారి తాగొచ్చి చర్చి గేటు దగ్గర గొడవ చేశాడని సంఘం దూరం పెట్టింది. పాస్టరుగారేమో ఆరాధన కాగానే భోజనానికి అతనింటికే వెళ్లేవారు.

"తాగుబోతుల ఇళ్లల్లో తిని తిరిగే మనిషి మనకేం చెప్తాడండి?" అని నాన్న తోటి పెద్దలతో అన్నారు. ఆ మాట పాస్టరుగారి చెవిన పడింది. ఆ వారం కూడా ఆయన భోజనానికి అక్కడికే వెళ్లారు.

ఈస్టరుకి ముందు శ్రమదినాల్లో ఒక ఆదివారం. పాఠాలు ఏడాది ముందే అచ్చయిన పట్టికలో ఉంటాయి కాబట్టి ఆ రోజుది ఎవరూ కావాలని ఏరింది కాదు. ఆ పాఠంలో, యేసుప్రభువంటే గిట్టనివాళ్లు ఆయన్ని తిండిపోతన్నారు, తాగుబోతన్నారు, పాపులతో స్నేహం చేస్తాడన్నారు. అక్కడిదాకా చదివి నాన్న ఆగిపోయారు. పేజీ తప్పారేమో అనుకున్నాను. ఆయన కళ్లజోడు తీశారు.

"మొన్న ఇదే మాట నేను మన పాస్టరు అయ్యగారిని అన్నానండి," అన్నారు. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పాస్టరుగారు లేచి వచ్చి నాన్న పక్కన నిలబడ్డారు. "మిగతాది కూడా చదవండి మాస్టారూ," అన్నారు మెల్లగా. నాన్న చదివారు.

బయట చెప్పులేసుకుంటూ నాన్న అడిగారు: "ఇవాళ కూడా భోజనం అక్కడేనాండీ?"

"అక్కడేనండి. మీరూ రండి."

"పిలవకుండా ఎలా వస్తానండి?"

"మొదటిసారి నన్ను మాత్రం ఎవరు పిలిచారండి?"

నాన్న సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చారు. "ఏం పెట్టారేంటి?" అంది అమ్మ, వాకిట్లోనే.

"చింతకాయేసి చిన్న చేపలు. మూడుసార్లు వడ్డించుకున్నాను." కాళ్లు కడుక్కుంటూ మళ్లీ అన్నారు: "వాళ్లమ్మ నాలుగేళ్లుగా మంచంలోనే ఉందటే. స్నానం కూడా అతనే చేయిస్తున్నాడు. మనలో ఒక్కళ్లం వెళ్లి చూశామా?"

అతను తాగుడు ఒక్కసారిగా మానలేదు. కానీ ఈస్టరు రోజు ఉదయం తల్లిని ఆటోలో చర్చికి తీసుకొచ్చాడు. నాన్నా అతనూ చెరోపక్క పట్టుకుని ఆవిడని మెట్లెక్కించారు.