నాలుగు వేళ్ల పూలు

నా చిన్నప్పుడు కోటబొమ్మాళి స్టేషన్‌కి వెళ్లే దారిలో పూలబుట్ట పెట్టుకుని కూర్చునే మనిషి మా అమ్మమ్మ. ఆ దారిలో పూలమ్మేవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురుండేవారు. అయినా ఒకసారి మా అమ్మమ్మ దగ్గర కొన్నవాళ్లు మళ్లీ ఆమె దగ్గరకే వచ్చేవారు. ఆమె మాటతీరుకి మురిసిపోయి మాత్రం కాదని గట్టిగా చెప్పగలను. ఎవరైనా బేరమాడితే బుట్ట మీద తడిగుడ్డ కప్పేసి మొహం అటు తిప్పుకునేది. ఆ గుణం నాకూ వచ్చిందని మా పిల్లలంటారు. వచ్చే ఉంటుంది, కాదనను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న నా మనవరాలు ముంజేతి మీద కత్తెరా దువ్వెనా పచ్చబొట్టు పొడిపించుకుని వచ్చింది. ఈ మధ్యే శ్రీకాకుళంలో బ్యూటీపార్లర్ పెట్టుకుంది లెండి. వాళ్లమ్మ, అంటే నా కూతురు, ఇల్లు పీకి పందిరేసింది. రేపు ఆ పార్లర్ నడవకపోతే ఆ కత్తెరని ఎక్కడ దాచుకుంటావని ఆమె గోల. నడవకపోవడమేమిటి, నేను నడిపిస్తానని పిల్ల పంతం. చివరికి ఇద్దరూ కలిసి నా దగ్గరకు తగువు తెచ్చారు. నేను జాకెట్టు చెయ్యి పైకి మడిచి, మోచేతికి నాలుగు వేళ్ల పైనున్న పచ్చటి చుక్క చూపించాను. అదీ నా పని కోసం పొడిపించుకున్నదే. నేను పూలమ్మేటప్పుడు మాల ఆ చుక్క దాకా కొలుస్తానని నా కూతురికి తెలుసు. అది అక్కడికి ఎలా వచ్చిందో ఇన్నేళ్లూ ఆమెకు చెప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గేసే సంగతి కాబట్టి చెప్పలేదు.

నాకప్పుడు పదేళ్లు. శ్రావణమాసం, శుక్రవారం. ముందురోజు నూతి దగ్గర జారిపడి మా అమ్మమ్మకి మడమ బెణికింది. కాలు బూరెలా పొంగిపోయి నేల మీద ఆనడం లేదు. అప్పటికే ఇరవై మూరల కనకాంబరాల మాల కట్టి, చుట్టగా చుట్టి తడిగుడ్డలో పెట్టేసింది. శ్రావణ శుక్రవారం నాడు పూలు అమ్ముడుపోకపోతే ఇంక ఏ రోజు అమ్ముడుపోతాయి? నేను అమ్ముకొస్తానని బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వద్దంది. నేను కదల్లేదు. సరే పొమ్మని, ఎక్కడ కూర్చోవాలో, మాల మీద నీళ్లు ఎప్పుడు చల్లాలో, మాల ఎలా తెంపితే ముడి ఊడదో అన్నీ చెప్పింది. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. రోజూ చూస్తున్నదే కదా, తెలుసనుకుంది.

ఆ రోజు నా దర్జా మీరు చూసి ఉండాల్సింది. అమ్మమ్మ గోనెపట్టా మీద అమ్మమ్మలాగే మఠం వేసుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్లకి మాల కొసని వేలి చివర పట్టుకుని మోచేతి దాకా లాగి, పుటుక్కున తెంపి, ఆకులో చుట్టి ఇచ్చాను. తెలిసినవాళ్లు బుగ్గ గిల్లి కొనుక్కున్నారు. అందరూ మా పేటవాళ్లే, ఒక్కామె తప్ప.

ఆమె భావనపాడు నుంచి వచ్చి ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఖాళీ తట్ట చంకలో పెట్టుకుని మధ్యాహ్నం బండి కోసం గబగబా వెళ్తూ నా బుట్ట దగ్గర ఆగింది. పూలకేసి కాసేపు చూసి ఒక మూర అడిగింది. కొలిచి చేతికివ్వబోతే రెండు చేతులూ వెనక్కి లాక్కుంది.

"నా సేతులు సేపల కంపు. నువ్వే తల్లో ఎట్టే గుంటా," అంటూ నా ముందు గొంతుక్కూర్చుంది.

నేను వెనక్కి వెళ్లి ఆమె ముడి చుట్టూ పూలు తిప్పాను. ముడి పెద్దది. మాల చుట్టూ తిరగలేదు, ఒక పక్క ఖాళీగా ఉండిపోయింది. ఆమె మణికట్టుతోనే తడుముకుని చూసుకుంది. "సాల్లే తల్లీ, ఇదే సాలు," అని నవ్వి, బండి కూత వినబడగానే లేచి పరుగెత్తింది. ముడి పెద్దదైతే నేనేం చేస్తానని అనుకున్నాను తప్ప, నా మాల పొట్టిదని నాకు తోచలేదు.

బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేసరికి మా అమ్మమ్మ అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది.

"ఎన్ని మూరలమ్మినావే?"

"ఇరవైకి ఇరవై అమ్మీసినాను. అయినా ఇంకా మిగిలిపోనాయి!"

నేను ఎగిరి గంతేస్తూ చెప్పాను. ఆమె బుట్టలోకి చూసింది. మూడు మూరలకి పైగా మాల అలాగే ఉంది.

"ఇరవై మూరల సుట్టలో ఇరవై అమ్మితే మూడు మిగుల్తాయేటి? పూలు పిల్లలెట్టినాయా?"

తిడుతుందో మెచ్చుకుంటుందో నాకర్థం కాలేదు. దగ్గరకు రమ్మని నా చెయ్యి చాపించింది. మిగిలిన మాలని నా వేలి కొస నుంచి మోచేతి దాకా పరిచింది. తర్వాత తన చెయ్యి చాపి, జాకెట్టు పైకి లాగి, తన వేలి కొస నుంచి పరిచింది. ఆమె మాల మోచేతి దగ్గర ఆగలేదు. మోచెయ్యి దాటి, ఆ పైనున్న పచ్చబొట్టు చుక్క దాకా వెళ్లింది. ఆ చుక్కని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. అందరి ఆడవాళ్ల చేతుల మీదా ఉండే పచ్చబొట్లలాగే అదీ అందానికే అనుకున్నాను. ఆమె మూరకీ నా మూరకీ నాలుగు వేళ్ల తేడా వచ్చింది.

"బట్టల సావుకారి గజం కర్రలో సగమెంతో ఈ సుక్క కాడికి అంతే," అని చెప్పింది. "మా అమ్మది పొడుగు సెయ్యి. దాని సుక్క మోసేతి కిందుండేది. నాది పొట్టి సెయ్యి, అందుకే పైన పొడిపించినాది. మన సెయ్యెలగున్నా కొన్నోలకి మూర తగ్గకూడదు."

ఏడుపొచ్చింది నాకు. కావాలని చెయ్యలేదు కదా అన్నాను. అది ఆమెకూ తెలుసు. తెలిసినా వదల్లేదు. మిగిలిన మాలని నాలుగేసి వేళ్ల ముక్కలుగా తెంపి, ప్రతి ముక్కకీ రెండు కొసలా ముడివేసి, తడి ఆకు మీద వరసగా పేర్చింది. రెండు మూరలు కొన్నవాళ్లకి రెండు ముక్కలు. ఎవరెవరు కొన్నారో నా చేతే చెప్పించింది. దీపాలు పెట్టే వేళకి అందరికీ అందాలి, పేరంటానికి వెళ్లేవాళ్ల తలలో ఉండాలి, అంతవరకూ ఇంటికి రావద్దంది. తోడు రమ్మని ఏడిస్తే, వాచిన కాలు చూపించింది.

మొదటి ఇంటి ముందు ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. బుట్టతో కూర్చున్నప్పటి దర్జా ఒక్కటీ మిగల్లేదు. పూలు తక్కువ కొలిచాను, ఇవి తీసుకోండి అని చివరికి నేలకేసి చూస్తూ చెప్పాను. ఆ ఇంటామె నవ్వేసింది. రెండో ఇంట్లో ముసలావిడ, దొంగ గుంటవి అని అరిచి మరీ తీసుకుంది. అది నయమనిపించింది. అన్నిటికన్నా కష్టమైంది పక్కింటి అక్క దగ్గర. ఆమెకి పొద్దున్నే తెలిసిందట. "సిన్నపిల్లవి కదా, పోన్లెద్దూ అనుకున్నానే," అంది. తెలిసి కూడా బుగ్గ గిల్లి డబ్బులిచ్చిందని తలుచుకుంటే ఇప్పటికీ నాకు మొహం వేడెక్కుతుంది. ఆ మాట విన్నాక మాత్రం నాలో ఏడుపు పోయి మొండితనం వచ్చింది. వాన చినుకులు మొదలైనా ఆగలేదు. బురదలో పడితే లేచాను. ఒక్కో గుమ్మం ఎక్కి, ఒక్కో ముక్క ఇచ్చి, దీపాలు పెట్టే వేళకి పేటంతా తిరిగాను.

ఆకులో ఒక్క ముక్క మిగిలింది. అది భావనపాడు ఆమెది. బండి ఎప్పుడో వెళ్లిపోయిందని తెలిసీ స్టేషన్‌కి పరుగెత్తాను. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. ఖాళీగా ఉండిపోయిన ఆమె ముడీ, సాల్లే తల్లీ అన్న మాటా అప్పుడు గుర్తొచ్చి, అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇంటికొచ్చి ఆ ముక్క అమ్మమ్మకి చూపించాను. గ్లాసులో నీళ్లు పోసి అందులో వేసింది. ఆ తర్వాత చాలా శుక్రవారాలు, సంతరోజులు, నాలుగు వేళ్ల పూలు ఆకులో చుట్టుకుని ఆ బండి వేళకి నిలబడ్డాను. తట్ట పట్టుకున్న ప్రతి మనిషి మొహం వెతికాను. ఆమె మళ్లీ రాలేదు. ఊరు తెలుసు గానీ పేరైనా తెలియదు.

నాకూ చుక్క పొడిపించమని మర్నాడే పట్టుబట్టాను. అమ్మమ్మ ఒప్పుకోలేదు.

"పెరిగీ సెయ్యే అది. సెయ్యితో పాటే సుక్కా జరిగిపోతాది. పదారేళ్లు రానీ, నానే పొడిపిస్తాను."

పదహారేళ్లు వచ్చేదాకా ఎవరాగుతారు? చుక్క లేకుండా ఇంక ఒక్క మూర కూడా కొలవకూడదని నా మనసులో పడిపోయింది. తర్వాతి సంతరోజున శావుకారి బట్టల కొట్టుకి వెళ్లి, గజం కర్ర పక్కన చెయ్యి పెట్టించుకుని, సగానికి సుద్దముక్కతో గీత గీయించుకున్నాను. అది మోచెయ్యి దాటి చాలా పైకి వచ్చింది. సంతలో పచ్చబొట్లు పొడిచే ఆమెకి రెండు మూరల పూలిచ్చి ఆ గీత మీద పొడవమన్నాను. ఎందుకో చెప్పకుండా ఆ మూరలు అమ్మమ్మ చేతే కొలిపించాను లెండి. చిన్నపిల్లవి, ఓర్చుకోలేవని పచ్చబొట్టామె అంది. సూదులు దిగుతుంటే పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను గానీ చెయ్యి లాక్కోలేదు.

అమ్మమ్మకి కోపమొచ్చింది. వాచిన చుక్క మీద పసుపు రాస్తూ కూడా తిట్టింది. తిట్లన్నీ అయ్యాక ఒక మాట అంది.

"పొడిపించుకున్నావు కాబట్టి ఇంక దానికే కొలువు. సెయ్యి పెరిగిందని సుక్క కిందికి మాత్రం దిగకు."

ఆమె చెప్పినట్టే జరిగింది. చెయ్యి పెరిగింది, చుక్కా జరిగింది. పదహారేళ్లు వచ్చాక ఒకరోజు నన్ను ఆమే శావుకారి కొట్టుకి తీసుకెళ్లి గజం కర్ర పక్కన చెయ్యి పెట్టించింది. నా చుక్క మూర అసలు మూర కంటే పొడుగొచ్చింది. ఎంత ఎక్కువో కొలిచి చూస్తే, అటూ ఇటూగా నాలుగు వేళ్లు. అమ్మమ్మ సరైన చోట వేలు పెట్టి, ఇక్కడ కొత్త చుక్క పొడిపిస్తాను, మూరకి నాలుగు వేళ్లు ఎక్కువిస్తే నువ్వేం తింటావంది. నేను వద్దన్నాను. ఎందుకని అడిగింది. అంతలోనే ఆమెకు అర్థమైంది. స్టేషన్ వైపు ఒకసారి చూసి, పద అంటూ ముందు నడిచింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పెళ్లయ్యాక నా బుట్ట శ్రీకాకుళం చేరింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ చుక్కకే కొలుస్తున్నాను. పక్కన పూలకొట్టువాడు నేను వ్యాపారం చెడగొడుతున్నానని రోజూ సణుగుతాడు. సణగనీ. నా మనవరాలు ఇదంతా విని, తన చేతి మీది కత్తెరకేసి కాసేపు చూసుకుంది. వాళ్లమ్మ నా చెయ్యి దగ్గరకు లాక్కుని ఆ చుక్కని చూసింది. పని మారితే ఎలా అంటారా? నేను మార్చలేదు, అంతే తెలుసు నాకు.

ఇప్పుడు వయసైపోయింది. చుక్క చుట్టూ చర్మం ముడతలు పడింది, కళ్లజోడు లేకపోతే కనిపించదు. అయినా వేలి కొస నుంచి మాల లాగుతుంటే మోచేతి దగ్గర నా చెయ్యి ఆగదు. కొత్తగా వచ్చినవాళ్లు, మూర అంటే ఇంత ఇస్తావేంటి మామ్మా, లెక్క తప్పావేమో చూసుకో అంటారు. లెక్క తప్పలేదు. మూర వరకూ మీరు డబ్బిచ్చి కొన్నది. ఆ పైన నాలుగు వేళ్లూ, సగం ముడికే పూలు పెట్టుకుని నవ్వుతూ బండెక్కి వెళ్లిపోయిన ఆమెవి. ఆమె నాకు దొరకలేదు కాబట్టి మీకిస్తున్నాను, తీసుకెళ్లండి.