అత్త నాకిచ్చిన పేరు

మా మేనత్త పోయింది. మంగళవారం పొద్దున కోరుట్లలో నేను పనిచేసే స్కూలుకు బయల్దేరుతుంటే సిరిసిల్ల నుంచి ఆమె కొడుకు, మా బావ ఫోన్ చేశాడు. "అవ్వ లేస్తలేదే" అన్నాడు. ఆ తర్వాత ఏడుపే వినిపించింది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టిన మనిషి. మా ఇళ్లలో ఆడపిల్లకు పేరు పెట్టేది మేనత్తే. చర్చికి పోవడం మొదలుపెట్టాక కూడా ఆ ఆనవాయితీ పోలేదు. ఇరవై ఒకటో రోజున నన్ను ఒళ్లో వేసుకుని తబిత అని పిలిచిందట. బడిలో మాత్రం నాన్న వేరే, హిందూ పేరు రాయించాడు. మాలో చాలామందికి ఇలా రెండు పేర్లుంటాయి.

"తబిత అంటే ఏందత్తా?" అని చిన్నప్పుడు అడిగాను.

"జింక. యేసయ్య కాలంల మాట్లాడిన అరామిక్ మాటనట, పాస్టరయ్య చెప్పిండు. నువ్వు గట్లనే ఎగురుతవు గదా!"

ఇంకా ఏదో చెప్పబోయింది. నేను వినకుండా ఆటకు పరిగెత్తాను.

జగిత్యాల హాస్టల్లో ఉన్నప్పుడు ఒక ఆదివారం, నాకోసం కుట్టిన లంగా జాకెట్ పట్టుకుని వచ్చి, గేటు దగ్గర నుంచే "తబితా!" అని కేకేసింది. తోటి పిల్లలు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"గా పేరుతోని పిలువకు. నాకు సిగ్గయితది."

"సరే కోడలా" అంది. అంతే. ఆ తర్వాత ముప్పై ఏళ్లు కోడలా అనే పిలిచింది, నా పెళ్లిలో కూడా. ఒక్కసారి ఆ పేరుతో పిలువమని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. పాడు మొహమాటం, అడగలేదు.

సమాధి చేసే ముందు ప్రార్థనలో పాస్టరయ్య బైబిల్లోని ఆ పేరు కథ చెప్పాడు. తబిత విధవరాళ్లకు బట్టలు కుట్టేదట. ఆమె చనిపోతే వాళ్లంతా ఆ బట్టలు చూపిస్తూ ఏడ్చారట. ఆ కథలో ఆమె మళ్లీ లేచి కూర్చుంది. మా అత్త లేవలేదు.

"ఈ అక్క తన బాప్తిస్మమప్పుడు గా పేరే కావాలన్నది. పెద్దలు వేరేది పెట్టిన్రు. గందుకే తన తమ్ముని బిడ్డకు పెట్టుకున్నది" అన్నాడు పాస్టరయ్య.

తనకు దక్కని పేరు నాకిస్తే, నేను గేటు దగ్గర పారేశాను.

పెళ్లి ఆర్డర్లు ఆగినా సరే, మొగుడు పోయినవాళ్ల జాకెట్లే ముందు కుట్టేది అత్త. "వాళ్లనడిగేటోళ్లు ఎవరున్నరు?" అనేది. ఇప్పుడు వాళ్లంతా అత్తను పడుకోబెట్టిన పెట్టె చుట్టూ నిలబడ్డారు. ఒకామె కొంగు జరిపి భుజం మీద కుట్టు తడుముకుంటూ "ఇగో, మొన్ననే ఇచ్చింది" అని ఏడ్చింది. నా వైపు తిరిగి "నువ్వామెకేమైతవు బిడ్డా? నీ పేరేంది?" అని అడిగింది.

"మేనకోడల్ని. తబిత" అన్నాను. అందరికీ వినబడేంత గట్టిగా అన్నాను.

అప్పటికే పెట్టెకు మేకులు కొడుతున్నారు.